అప్‌డేట్: మా బాబు మళ్ళీ ప్యాంటు తడుపుకోవడం గురించి

మూడున్నరేళ్ళ మా బాబు ఆరు నెలలు చక్కగా బాత్రూమ్‌కి వెళ్ళి, ప్లేస్కూల్లో చేరాక మళ్ళీ ప్యాంటు తడుపుకుంటున్నాడని పోయిన నెల అడిగాను కదా. చెల్లి పుట్టింది కాబట్టి అలా చేస్తున్నాడని చాలామంది అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

అసలు కారణం మలబద్ధకం! స్కూల్లో ఫ్లష్ చప్పుడుకి భయపడి రెండేసి రోజులు బిగబట్టుకుంటున్నాడు. లోపల గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతోందని, అందుకే ఆపుకోలేకపోతున్నాడని పిల్లల డాక్టర్ చెప్పారు. అన్నాళ్ళూ వాణ్ణి కసిరినందుకు ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మలం మెత్తబడే సిరప్ వేస్తున్నాం. తగ్గింది కదా అని మనంతట మనం ఆపకూడదట. పాలు తగ్గించి బొప్పాయి, నీళ్ళు పెంచాం. అన్నం తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెడతాం, కాళ్ళ కింద పీట వేసి. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పిల్లలకి ముక్కడం కష్టమట, ఇది నాకు అస్సలు తెలీదు. మొన్న ఆ పీట వాడే ఈడ్చుకొచ్చుకుని, "అమ్మా, నువ్వు బయటికెళ్ళు" అన్నాడు!

స్కూల్లో టీచర్ గారు వాడు బయటికొచ్చాకే ఫ్లష్ చేస్తున్నారు. ఈ వారం రెండుసార్లే తడిపాడు. రాత్రి డైపర్ ఇంకా ఉంది, దానికి తొందరేం లేదన్నారు.