ఆరో తరం ప్రాసెసర్‌పై విండోస్ 11: తనిఖీని దాటవేయడం సమంజసమేనా?

తెనాలి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా డీటీపీ కేంద్రంలోని కంప్యూటర్లన్నీ ఇంటెల్ ఆరో తరం ఐ5 ప్రాసెసర్లవి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి, పనిలో ఎక్కడా తడబడవు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11 చూస్తే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం కంటే పాతవాటిని ఒప్పుకోదు. పెళ్లి పత్రికల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా మా పనంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీదే నడుస్తుంది కనుక లినక్స్‌కు మారమనే సలహా మాకు పనికిరాదు. తనిఖీని దాటవేసి విండోస్ 11 వేసుకోవచ్చా, లేక బాగున్న యంత్రాలను పక్కన పెట్టాల్సిందేనా?

కరీంనగర్ నుంచి:

నిస్సందేహంగా వేసుకోవచ్చునండి. టీపీఎం (తాళపు కీలను దాచే భద్రతా చిప్) కావలసిన 2.0 కాక పాత 1.2 ఉన్నా, ప్రాసెసర్ జాబితాలో లేకపోయినా రిజిస్ట్రీలో (విండోస్ లోపలి అమరికల పట్టీలో) ఒక విలువను మార్చి అప్‌గ్రేడ్ చేసుకునే పద్ధతిని మైక్రోసాఫ్టే కొంతకాలం తన సహాయ పుటలో ఉంచింది. రూఫస్ అనే ఉచిత సాధనంతో విండోస్ వేసే పెన్‌డ్రైవ్ తయారు చేసుకుంటే టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యేలా చూసే రక్షణ), ర్యామ్ తనిఖీలను తొలగించే ఎంపిక అందులోనే ఉంటుంది. మరమ్మతు పనిలో నేను చూసినంతవరకు, ఇలా వేసిన యంత్రాలకు నెలవారీ భద్రతా నవీకరణలు కూడా వస్తూనే ఉన్నాయి. పనిచేసే యంత్రాన్ని చెత్తకుప్పలో వేయించే నిబంధనకు మనం తలవంచనక్కరలేదు.

హైదరాబాద్ నుంచి:

ఒక సంస్థలో కంప్యూటర్ల నిర్వహణ చూసే వ్యక్తిగా నేను దీనితో ఏకీభవించలేను. నవీకరణలు నేడు వస్తున్నాయన్నది నిజమే, కానీ అర్హత లేని యంత్రాలకు వాటిపై హక్కు లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఏటా వచ్చే కొత్త వెర్షన్ వాటికి దానంతట అది రాదు. ఎవరో ఒకరు కూర్చొని మళ్లీ తనిఖీని దాటవేయాలి. 24హెచ్2 వెర్షన్ ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు తప్పనిసరి చేసినప్పుడు, అంతకుముందు విండోస్ 11 నడిచిన కోర్ 2 డుయో యంత్రాలు ఏ ఉపాయానికీ లొంగకుండా ఆగిపోయాయి. ఆరో తరానికి ఆ ఆదేశాలు ఉన్నాయి కనుక ఇప్పటికి ఇబ్బంది లేదు, అయితే తదుపరి గోడ ఎక్కడ కడతారో మన చేతిలో లేదు. పైగా హానికర కోడ్ విండోస్ కీలక భాగంలోకి చొరబడకుండా చూసే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణకు కావలసిన హార్డ్‌వేర్ సాయం ఇంటెల్‌లో ఏడో తరం నుంచే ఉంది. ఆరో తరంలో దాన్ని ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకురావాలి కనుక యంత్రం నెమ్మదిస్తుంది. ఊరిలో అందరి పెన్‌డ్రైవ్‌లూ వచ్చి చేరే డీటీపీ కేంద్రానికి ఇది చిన్న విషయం కాదు.

కరీంనగర్ నుంచి:

పెన్‌డ్రైవ్‌ల ప్రమాదాన్ని నేను కాదనను. అయితే నవీకరణలు ఆగిన విండోస్ 10లోనూ అదే పెన్‌డ్రైవ్ పెడతారు కదా, అప్పుడు ఏది మేలు?

తెనాలి వారు ముందుగా బయాస్‌లో (విండోస్‌కు ముందు తెరుచుకునే యంత్రపు అమరికల్లో) ఇంటెల్ పీటీటీ అనే ఎంపిక ఉందేమో చూడండి. చాలా ఆరో తరం బోర్డుల్లో టీపీఎం 2.0 ఈ రూపంలో ఉన్నా ఆఫ్‌లో ఉంటుంది. డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే, ఫైళ్లన్నీ వేరేచోట భద్రపరచుకున్నాక, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్‌2జీపీటీ సాధనంతో కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, బయాస్‌లో లెగసీ అనే పాత బూట్ పద్ధతి నుంచి యూఈఎఫ్‌ఐ అనే కొత్తదానికి మారితే సెక్యూర్ బూట్ కూడా కుదురుతుంది. అప్పుడు మిగిలే లోటు ప్రాసెసర్ ఒక్కటే. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, ఈ మార్పులకు ముందే దాన్ని తాత్కాలికంగా నిలిపివేయండి, లేకపోతే మరుసటి బూట్‌లో రికవరీ కీ అడుగుతుంది.

మీ విండోస్ 10 32 బిట్‌దా, 64 బిట్‌దా? విండోస్ 11లో 32 బిట్ సంచిక లేదు కనుక 32 బిట్ నుంచి అప్‌గ్రేడ్ కుదరదు, మొదటినుంచి వేసుకోవాలి. పాత లేజర్ ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ దొరకకపోతే అసలు చిక్కు అక్కడే వస్తుంది.

తెనాలి నుంచి:

కొన్ని 32 బిట్‌వే. ప్రింటర్ ఉన్న కంప్యూటర్ కూడా వాటిలోనే ఉంది.

హైదరాబాద్ నుంచి:

అయితే ప్రింటర్ ఉన్న ఆ ఒక్కదాన్ని మాత్రం కదిలించకండి. ఇంటర్నెట్ తీసేసి, అను, పేజ్‌మేకర్, ముద్రణ పనికి మాత్రమే విండోస్ 10తో ఉంచండి. మిగిలినవాటికి తొందరపడకుండా పొడిగింపు భద్రతా నవీకరణల పథకంలో నమోదు చేసుకోవచ్చు. డొమైన్‌లో (సంస్థ కేంద్రంగా నడిపే నెట్‌వర్క్‌లో) చేర్చని, విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉన్న యంత్రాలకు, సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేస్తే, 2026 అక్టోబర్ 13 వరకు అది ఉచితమే. ఈ గడువులో కరీంనగర్ వారు చెప్పినట్లు ఒక 64 బిట్ యంత్రంపై విండోస్ 11 వేసి చూడండి. అది కూడా రోజువారీ పని దానిపై ఆధారపడనంతవరకే.

కరీంనగర్ నుంచి:

దీనికి నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రూఫ్‌లు వాట్సాప్‌లో పంపాలి కనుక ఇంటర్నెట్ ఉన్న యంత్రం ఒకటి ఎలాగూ కావాలి. ఖాతాదారుల పెన్‌డ్రైవ్‌లను ఆ కొత్త విండోస్ 11 యంత్రంలోనే తెరిచి, స్కాన్ చేసి, అవసరమైన ఫైలును మాత్రమే ముద్రణ యంత్రానికి పంపండి.