తొమ్మిదేళ్ల పాపకి ప్రపంచ చరిత్రలోంచి ఏం చెప్తే నోరు తెరుచుకుని వింటుంది?

నాలుగో తరగతి అమ్మ:
చరిత్ర అనగానే మా పాప "రాజులూ సంవత్సరాలేగా" అని మొహం తిప్పేస్తోంది. పడుకునే ముందు రోజుకొకటి చెబుదామనుకుంటున్నా, కానీ వాట్సాప్‌లో తిరిగేవి నమ్మాలంటే భయం. నిజంగా జరిగినవి చెప్పండి ప్లీజ్.

సోషల్ టీచర్:
ఇంట్లో పురికొస ఉందా అమ్మా? ఐదు మీటర్లు కొయ్యండి, పదేళ్లకి ఒక సెంటీమీటరు లెక్క. ఒక కొసన గిజా పెద్ద పిరమిడ్‌కి ముడి వేయండి, అది సుమారు క్రీ.పూ. 2560 నాటిది. అక్కణ్ణుంచి రెండున్నర మీటర్లు వస్తే క్రీ.పూ. 69లో పుట్టిన క్లియోపాత్రా. ఆమె దగ్గర్నుంచి మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన 1969కి రెండు మీటర్లే! ఈజిప్టు రాణి కదా, పిరమిడ్లు కట్టేటప్పుడు అక్కడే ఉందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు, నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, తాడు మీద మాత్రం ఒక్కసారికే ఎక్కేస్తుంది. పిరమిడ్ ముడికి అర మీటరు ఇవతల ఇంకొకటి వేయండి. దాదాపు అప్పటిదాకా రష్యా ఉత్తరాన రాంగెల్ దీవిలో మామత్‌లు, అంటే ఆ బొచ్చు ఏనుగులు, బతికే ఉన్నాయి.

ఇద్దరు పిల్లల నాన్న:
మావాళ్లకి ఈము పక్షుల కథ ఇష్టం. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈములు గోధుమ చేల మీద పడితే సైన్యం మెషిన్ గన్నులతో వచ్చింది, అవేమో చిన్న చిన్న గుంపులుగా చెల్లాచెదురైపోయేవి, చివరికి సైన్యమే వెనక్కి వెళ్లిపోయింది. పక్షులు చచ్చిపోయాయా అని పాప అడిగితే దాచకండి, చాలానే చనిపోయాయి.

క్యాలెండర్ పిచ్చి:
1582లో ఇటలీ, స్పెయిన్‌లలో అక్టోబర్ 4న పడుకున్నవాళ్లు లేచేసరికి అక్టోబర్ 15! పాత క్యాలెండర్‌లో ఏడాదికి 11 నిమిషాల చొప్పున ఎక్కువైన లెక్క పది రోజులైంది, దాన్ని సరిచేశారు. మధ్యలో పుట్టినరోజు ఉన్న పిల్లలేం చేశారని మా అబ్బాయి వారం రోజులు అడిగాడు.

నాలుగో తరగతి అమ్మ:
టీచర్‌గారూ, రాత్రి హాల్లో తాడు పరిచాం. క్లియోపాత్రా ముడి దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత తాతయ్య వయసు కొలిచింది, ఏడు సెంటీమీటర్లు. తనదైతే సెంటీమీటరు కూడా రాలేదని రెండుసార్లు స్కేలు పెట్టి చూసుకుంది. తాడు తీయొద్దంది, ఇంకా అక్కడే ఉంది.