కట్‌కీ కత్తికీ చుట్టరికం ఉందా?

ఇంగ్లీషు 'కట్' మన 'కత్తి' లోంచే పుట్టిందని చాలామంది గట్టిగా నమ్ముతారు. వినడానికి బాగానే ఉంటుంది, సాక్ష్యమే లేదు. శబ్దం కలిస్తే చాలనుకుంటే 'కట్టు' ఇంకా దగ్గర. మరి దాని అర్థం సరిగ్గా తిరగబడి ఉందే!

నిజానికి కట్ ఇంగ్లీషులోకి ఆలస్యంగా చేరిన మాట. పాత ఇంగ్లీషు రాతల్లో కనబడదు, 13వ శతాబ్దం చివర్లో గానీ తలెత్తదు. అప్పటిదాకా ఆ పని చేసినవి ఇప్పటి కార్వ్, షియర్‌ల పాత రూపాలు, ఇప్పుడు వాడుకలో లేని ఇంకో క్రియ. కట్ వచ్చాక కార్వ్‌కి చెక్కడం, వండిన మాంసం కోయడం మిగిలాయి. షియర్‌కి గొర్రెల బొచ్చు దక్కింది. కట్ పుట్టిల్లు స్కాండినేవియా భాషలు అయి ఉండొచ్చని నిఘంటుకారుల ఊహ. ఐస్‌లాండ్ భాషలో 'కుటి' అంటే చిన్న కత్తి. అయినా ఎవరూ తేల్చి చెప్పలేదు.

అసలు చుట్టరికం వెతకాలంటే షియర్ దగ్గరికి వెళ్ళాలి. 'కోయడం' అనే అర్థమున్న ఒక ఇండో యూరోపియన్ (ఇంగ్లీషు, సంస్కృతం రెండూ చేరే పెద్ద భాషా కుటుంబం) ధాతువు నుంచి వచ్చిందది. షేర్ అంటే కోసి పంచిన వాటా. షార్ట్ అంటే కత్తిరించగా పొట్టిదైనది. షర్ట్, స్కర్ట్ రెండూ ఒకే మాటకు రెండు రూపాలు, మొదట పొట్టి బట్ట అనే అర్థంలో. స్కోర్ అంటే లెక్క కోసం కర్ర మీద పెట్టిన గాటు. ఇరవైకొక గాటు పెట్టేవారు కాబట్టి ఇరవైకీ ఆ పేరే వచ్చింది. క్రికెట్ స్కోర్ వెనక కత్తిగాటు ఉందంటే నాకైతే భలే సరదాగా ఉంటుంది.

సంస్కృతంలో 'కృత్' అనే ధాతువుదీ ఇదే కుటుంబం. అందులోంచి కర్తరి, కర్తరి నుంచి మన కత్తెర. అంటే ఇంగ్లీషుతో చుట్టరికం కలిపేది కత్తెరే, అదీ కట్‌తో కాదు, షియర్‌తో.

భూతకాలంలోనూ కట్ ఎందుకు మారదని అడిగేవాళ్ళుంటారు. చివరనున్న 'ట్'లో భూతకాల ప్రత్యయం కలిసిపోయింది. హిట్, సెట్, షట్‌లదీ అదే కథ. తెలుగులోకి వచ్చాక మాత్రం మన వ్యాకరణానికి లొంగింది: ఫోన్ మనం పెట్టేస్తే 'కట్ చేశాను', దానంతటదే పోతే 'కట్ అయింది'. ఇంగ్లీషు ఒక్క కట్‌తో సరిపెట్టే చోట మనకి కోయడం, తరగడం, నరకడం, కత్తిరించడం, తెంచడం వేరువేరు. 'చెట్టు కట్ చేశారు' అని రాస్తే కొమ్మలు కత్తిరించారో, మొదలంటా నరికారో తెలియదు.