మ్యాన్ పేజీ మాక్రోల రిఫరెన్స్ తెలుగులో పూర్తిగా నడపాలా, పాఠం ఒక్కటి చాలా?

కృష్ణలంక సర్వర్లు (విజయవాడ)

పోయిన ఆదివారం మీటింగులో తేలకుండా మిగిలిపోయిన విషయం ఇది. రానివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. మ్యాన్ పేజీలంటే యూనిక్స్, లినక్స్ కమాండ్లకి తోడుగా వచ్చే మాన్యువల్ పేజీలు. వాటిని రాయడానికి రెండు మాక్రో సెట్లు, అంటే చుక్కతో మొదలయ్యే చిన్న ఆదేశాల సెట్లు, ఉన్నాయి: పాతది మ్యాన్, తర్వాత వచ్చింది ఎమ్‌డాక్. ఈ సోర్సుని చదివి పేజీగా చూపే ప్రోగ్రాములు జీరాఫ్, మ్యాన్‌డాక్. ఈ రెండు సెట్లలోని ఒక్కో మాక్రోనీ వివరించే రిఫరెన్స్‌నీ మన గ్రూపులో కొందరు తెలుగులో రాస్తూ వచ్చారు. సగం పైన అయింది. దాన్ని పూర్తిచేసి ఇకమీదట మనమే నడపాలా, లేక అక్కడితో ఆపి, కొత్తవాళ్లకి ఒక మంచి తెలుగు పాఠం రాసిపెట్టి, రిఫరెన్స్ కోసం ఇంగ్లీషు పేజీకే పంపాలా?

నా మాట, ఆపేద్దాం. పాఠం రాద్దాం.

రిఫరెన్స్ ఎప్పుడూ ప్రోగ్రాం పక్కనే ఉండాలి. మ్యాన్‌డాక్‌లో మాన్యువల్ కూడా అదే సోర్సులో ఉంటుంది. ఒక మాక్రో పనిచేసే తీరు మారితే కోడు మార్చిన మనిషే పేజీ కూడా మార్చగలడు. మనం ఇక్కడ కూర్చుని రాసిన పేజీకి ఆ కబురు ఎవరు తెస్తారు? పాఠానికి ఈ బాధ తక్కువ. ముందు పేరు, తర్వాత సినాప్సిస్ (కమాండ్ ఎలా కొట్టాలో చూపే భాగం), ఆ తర్వాత వివరణ అన్న వరస 1971 నవంబరులో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది, ఇవాళ్టికీ అదే. అలాంటివి ఒకసారి శ్రద్ధగా రాస్తే ఏళ్ల తరబడి నిలుస్తాయి.

రిఫరెన్స్ సంగతి అలా కాదు. జీరాఫ్ 1.23 వెర్షన్ 2023లో వచ్చింది. అందులో మ్యాన్ సెట్‌కి ఎంఆర్ అనే మాక్రో కొత్తగా చేరింది. ఇంకో మాన్యువల్ పేజీని చూడమని చెప్పడానికి అది. మన తెలుగు పేజీలో "ఎంఆర్ వాడండి" అని చేర్చేశారు. ఉబుంటు 22.04లోనూ డెబియన్ 12లోనూ ఉన్నది జీరాఫ్ 1.22.4. దానికి ఎంఆర్ అంటే ఏమిటో తెలియదు. తెలియని మాక్రో ఎదురైతే జీరాఫ్ ఆ లైను మొత్తం వదిలేస్తుంది. మన మాట విని పేజీ రాసినవాళ్లకి "ఇవి కూడా చూడండి" అన్న హెడింగు కింద ఖాళీ మిగులుతుంది. మామూలుగా పేజీ తెరిస్తే ఎర్రర్ కూడా కనపడదు. ఇలాంటి పేజీ ఉండడం కన్నా లేకపోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

ఎంఆర్ సంగతి నిజమే, ఆ లైను వెంటనే సరిచేయాలి. దాని నుంచి మీరు తీసిన తీర్పు మాత్రం నేను ఒప్పుకోను.

పిల్లలు ఎక్కడ ఆగిపోతారో నేను రోజూ చూస్తున్నాను. పాఠం చదివేటప్పుడు ఎవరూ ఆగరు. పని మధ్యలో ఆగుతారు. మొన్న ఒకమ్మాయి తన టూల్‌కి ఎమ్‌డాక్‌లో పేజీ రాసుకుంటోంది. సినాప్సిస్‌లో కమాండ్‌కి ఇచ్చే ఆర్గ్యుమెంట్ పేరు వేసే ఎఆర్ మాక్రో పెట్టి, పక్కన ఏ పేరు ఇవ్వాలో తర్వాత చూద్దామని ఖాళీగా వదిలింది. పేజీ తెరిస్తే తను రాయని "ఫైల్" అనే మాట, దాని పక్కన మూడు చుక్కలు. సోర్సంతా వెతికింది, ఎక్కడా లేదు. ఎఆర్‌కి ఏమీ ఇవ్వకపోతే డిఫాల్టుగా వచ్చేది అదే. ఆప్షన్లు వేసే ఎఫ్ఎల్ మాక్రో పక్కన ఏమీ రాయకపోతే ఒంటరి గీత ఒకటి వస్తుంది, స్టాండర్డ్ ఇన్‌పుట్ అని చెప్పడానికి పనికొచ్చే గీత. ఇవి రిఫరెన్స్‌లో ఒక్కో వాక్యం. పాఠంలో వీటికి చోటుండదు, ఉండక్కర్లేదు కూడా.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పేజీ చదవలేరని నేను అనడం లేదండి. చదువుతారు. రిఫరెన్స్ ఇంగ్లీషు బాగా కుదించి రాసి ఉంటుంది, "ఇవ్వకపోతే", "ఇస్తేనే" లాంటి చిన్న మాటలో అర్థమంతా ఉంటుంది. వాళ్ల కన్ను జారిపోయేది సరిగ్గా అక్కడే. పాఠం ఇంగ్లీషులో ఉన్నా ఎలాగో నెట్టుకొస్తారు. తెలుగులో కావాల్సింది రిఫరెన్సే.

ఇక పాతబడిపోవడం గురించి. దీనికి పీఓ4ఏ అనే అనువాదాల టూల్ ఉంది. అసలు పేజీలో ఒక పేరా మారితే, దానికి మనం రాసిన తెలుగు పేరా మీద ఫజ్జీ అనే గుర్తు పడుతుంది. ఎవరైనా చూసి సరిచేసేదాకా అక్కడ తెలుగు కనపడదు, కొత్త ఇంగ్లీషు పేరానే కనపడుతుంది. పేజీ మొత్తంలో అనువాదం 80 శాతం కన్నా తగ్గితే, డిఫాల్టుగా ఆ పేజీనే తయారుచేయదు. అంటే పాత నియమం తెలుగులో నిలిచిపోయి జనాన్ని తప్పుదారి పట్టించే పరిస్థితి రాదు. మనవాళ్లు ఇప్పటిదాకా చేతికొచ్చినట్టు విడి ఫైళ్లలో రాశారు కాబట్టే ఎంఆర్ గొడవ వచ్చింది.

పటమట

ఒక ప్రాక్టికల్ ఇబ్బంది. చాలా టెర్మినళ్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి, లైను వెడల్పు లెక్క తప్పుతుంది. ఏది రాసినా మ్యాన్‌డాక్‌తో హెచ్‌టీఎంఎల్ తీసి బ్రౌజర్‌లో చూపిద్దాం. టెర్మినల్ కోసం పట్టుబట్టొద్దు.

థర్డ్ ఇయర్, గుంటూరు

పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆ సగం పేజీ వాడినవాణ్ని నేను.

నా పేజీలో హోమ్ డైరెక్టరీలో ఉండే ఒక డాట్ ఫైలు గురించి రాశాను. వాక్యం మధ్యలోనే ఉంది కానీ ఎడిటర్‌లో లైను విరిగి, ఆ ఫైలు పేరు కొత్త లైను మొదట్లో పడింది. అవుట్‌పుట్‌లో ఆ లైనే లేదు. చుక్కతో మొదలైన లైనుని జీరాఫ్ మాక్రో అనుకుంటుందని, ముందు బ్యాక్‌స్లాష్, యాంపర్‌సాండ్ పెడితే మామూలు అక్షరంగా చూస్తుందని ఆ తెలుగు పేజీలోనే దొరికింది. పక్కనే ఉదాహరణ ఉంది కాబట్టి కాపీ చేసి చూసుకున్నాను. ఉదాహరణ లేని మాక్రోల దగ్గర మాత్రం తెలుగులో చదివినా నాకు ఏమీ అందలేదు. దయచేసి తీసేయకండి అన్నా.

కృష్ణలంక సర్వర్లు

తమ్ముడూ, తీసేద్దామని నేను అన్నది నీలాంటివాళ్లని గాలికి వదిలేయడానికి కాదు. చుక్క సంగతి ప్రతి ఒక్కరికీ ఎదురయ్యేదే, పాఠంలో మొదటి పేజీలోనే ఉండాలి.

మాస్టారూ, పీఓ4ఏ చూసేది ఇంగ్లీషు పేజీకీ మన పేజీకీ మధ్య తేడాని. ఏ ఇంగ్లీషు పేజీ? నాకు అసలు చిక్కు అక్కడుంది. ఈ మాక్రో సెట్లకి రిఫరెన్స్ ఒకటి కాదు. జీరాఫ్‌వాళ్లది వాళ్లకి ఉంది, మ్యాన్‌డాక్‌వాళ్లది వాళ్లకి ఉంది. చాలా చోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల ఎదురెదురుగా నిలబడతాయి.

గీతనే తీసుకోండి, మీరు చెప్పిన ఎఫ్ఎల్ వేసే గీత కాదు, మనం చేత్తో కొట్టే గీత. కమాండ్ ఆప్షన్ ముందు పెట్టేది, కీబోర్డు మీద ఉన్నది. జీరాఫ్ స్టైల్ పేజీ ప్రకారం, షెల్‌లో కొట్టాల్సిన గీత అయితే బ్యాక్‌స్లాష్ పెట్టి గీత రాయాలి. ఒట్టి గీత రాస్తే అది మాటల మధ్య వచ్చే హైఫన్. మ్యాన్‌డాక్ అక్షరాల పేజీ ఏమో అంత సూక్ష్మం అక్కర్లేదు, మాన్యువల్ పేజీల్లో ఒట్టి గీత చాలు అంటూ వచ్చింది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మ్యాన్‌డాక్‌లో రెండూ ఒకే గీతగా వస్తాయి. జీరాఫ్ 1.23 నుంచి మాత్రం యూటీఎఫ్-8 టెర్మినల్‌లో ఒట్టి గీత నిజంగానే వేరే అక్షరంగా, హైఫన్‌గా పడుతుంది. చూడ్డానికి అదే గీత. పేజీలోంచి కాపీ చేసి షెల్‌లో పేస్ట్ చేస్తే కమాండ్ దాన్ని ఆప్షన్‌గా గుర్తుపట్టదు. ఇది ఇబ్బందని డెబియన్‌వాళ్లు తమ సెటప్‌లో దాన్ని మళ్లీ పాత పద్ధతికి మార్చుకున్నారు. కాబట్టి ఒకే సోర్సు, ఒకే జీరాఫ్ వెర్షన్, రెండు మెషీన్ల మీద రెండు రకాలుగా వస్తుంది.

ఇప్పుడు మన తెలుగు రిఫరెన్స్ గీత గురించి ఏమని రాయాలి? మ్యాన్‌డాక్ పేజీని అనువదిస్తే జీరాఫ్ వాడేవాళ్లని ముంచుతాం. జీరాఫ్‌ది అనువదిస్తే గీత సంగతి భద్రమే గానీ ఎంఆర్ దగ్గర పాత మెషీన్ల వాళ్లని ముంచుతాం. రెండూ కలిపి రాస్తే అది అనువాదం కాదు, మన సొంత రిఫరెన్స్ అవుతుంది. దాన్ని కాపాడేది పీఓ4ఏ కాదు, మనుషులే. అలాంటి మనుషులు మనకి ఎంతమంది ఉన్నారో మీటింగుకి వచ్చినవాళ్లందరికీ తెలుసు.

గుణదల

ఎమ్‌డాక్‌కి ఈ పాఠం, రిఫరెన్స్ గొడవ కొత్తది కాదు. బర్క్‌లీలో సింథియా లివింగ్‌స్టన్ తయారుచేసిన సెట్ అది, 1990లో 4.3బీఎస్‌డీ రెనో అనే యూనిక్స్ వెర్షన్‌తో బయటికొచ్చింది. 4.4బీఎస్‌డీ నాటికి రెండు పేజీలుండేవి, ఒకటి పొట్టి రిఫరెన్స్, రెండోది నమూనాలతో పాఠంలా సాగేది. ఓపెన్‌బీఎస్‌డీవాళ్లు ఆ రెండోదాన్ని తీసేసి ఒకే రిఫరెన్స్ ఉంచుకున్నారు. మ్యాన్‌డాక్ మొదలుపెట్టిన క్రిస్టాప్స్ జోన్సన్స్ పాఠాన్ని విడిగా ఆన్‌లైన్ పుస్తకంగా రాశాడు. అంటే వాళ్లు కూడా రెండూ అవసరమే అనుకున్నారు, ఒకదాంట్లో ఒకటి కలపొద్దనీ అనుకున్నారు. మ్యాన్‌డాక్ వాళ్ల ఎమ్‌డాక్ పేజీ చూడండి. ముందు పనుల వారీగా మాక్రోల పట్టిక, తర్వాత అక్షర క్రమంలో ఒక్కోదాని వివరం, చివర్లో జీరాఫ్‌తో ఎక్కడెక్కడ తేడా వస్తుందో చెప్పే విభాగం. కృష్ణలంక గారూ, మీరు చెప్పిన చిక్కుని వాళ్లు దాచలేదు, రాసిపెట్టారు.

నాకు భయమంతా సగం రిఫరెన్స్ మీద. అక్షర క్రమంలో ఉన్న జాబితాలో ఒక మాక్రో లేకపోతే అలాంటిది అసలు లేదనే అనుకుంటాం. పాఠంలో లేకపోతే ఇంకా రాలేదేమో అనుకుంటాం. అందుకని అన్ని పేర్లూ ఉండాలి. తెలుగు వివరం లేనిచోట పేరు, ఒక్క లైను, అసలు పేజీ దారి, అంతే. వివరం రాసిన ప్రతి మాక్రోకీ నడిచే ఉదాహరణ ఒకటి ఉండి తీరాలి. ఆ ఉదాహరణలన్నిటినీ మ్యాన్‌డాక్ తప్పులు వెతికే లింట్ మోడ్‌లో, జీరాఫ్ రెండు వెర్షన్ల మీద వేసి చూడాలి. వాక్యాలు పాతబడ్డాయో లేదో మెషీన్ చెప్పలేదు, ఉదాహరణ అవుట్‌పుట్ మారితే మాత్రం చెప్పగలదు.

బ్రాడీపేట మాస్టారు

ఇది నాకు నచ్చింది. ఇంకో మాట కలుపుతాను. మన పిల్లలు రాసేవి ఒకటో సెక్షన్ పేజీలు, అంటే యూజర్ కమాండ్లు. లైబ్రరీ ఫంక్షన్ల మాక్రోలు, బీఎస్‌డీ వెర్షన్ పేర్లు వేసే మాక్రోలు ఇప్పట్లో ఎవరికీ అక్కర్లేదు, వాటికి ఒక్క లైను చాలు. గీత గురించి కృష్ణలంక గారు పైన రాసిన రెండు పేరాలున్నాయి చూశారూ, తెలుగులో రిఫరెన్స్ ఎంట్రీ అంటే అచ్చంగా అలా ఉండాలి. ఇంగ్లీషులో అది రెండు పేజీలు తిరిగితే గానీ దొరకదు. మీరే రాసి, మీరే వద్దంటే ఎలాగండీ?

కృష్ణలంక సర్వర్లు

పూర్తి రిఫరెన్స్ వద్దన్న మాట మీదే ఉన్నాను. గుణదల గారు చెప్పిన పద్ధతికి అడ్డం రాను, ఒక షరతు మీద. జీరాఫ్ వార్తలు, మ్యాన్‌డాక్ వార్తలు చదివే బాధ్యత విజయవాడ నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు తీసుకోవాలి. పేజీ పైన "ఏ వెర్షన్ల మీద చూశాం" అన్న లైను ఉండాలి. కొత్త వెర్షన్ వచ్చి మూడు నెలలైనా ఆ లైను మారకపోతే పేజీ దించేస్తాం. అప్పుడు సెంటిమెంటు మాటలు వద్దు.

ఎంఆర్ లైను ఈ రాత్రికి తీసేస్తున్నాను. గీత ఎంట్రీ నేనే రాస్తాను మాస్టారూ. ఎఆర్, ఎఫ్ఎల్ మీరు రాయండి, ఆ అమ్మాయికి ఏం జరిగిందో అదే ఉదాహరణగా పెట్టండి. విజయవాడ తరఫున వార్తలు చదివేది నేను.

థర్డ్ ఇయర్, గుంటూరు

గుంటూరు తరఫున నేను చదువుతాను, అర్థం కానిది మాస్టారిని అడుగుతాను. మా ల్యాబ్ మెషీన్లలో ఇంకా ఉబుంటు 22.04 ఉంది, నా లాప్‌టాప్‌లో 24.04 ఉంది, జీరాఫ్ 1.23తో. గుణదల అక్కా, ఉదాహరణల ఫోల్డర్ పంపితే రెండిటి మీదా వేసి అవుట్‌పుట్లు ఇక్కడ పెడతాను.