ఒకే డైట్ చార్ట్: నాకు తగ్గింది, మా ఆవిడకి కొవ్వు శాతం పెరిగింది. ప్లాన్ మార్చాలా?

మియాపూర్_నడక:
ఇద్దరం డైటీషియన్ దగ్గర కపుల్ ప్లాన్ తీసుకుని కొన్ని వారాలుగా తప్పకుండా పాటిస్తున్నాం. నాకు నడుము తగ్గింది. మా ఆవిడకి మాత్రం జిమ్ మెషీన్ మీద కొవ్వు 34 శాతం నుంచి 36కి వెళ్లింది. నిన్న రాత్రి నుంచి యాప్‌లో వేసిన ప్రతి పూటా మళ్లీ చూసుకుంటున్నా, తేడా ఎక్కడుందో దొరకట్లేదు. రైస్ 150 గ్రాములు, పప్పు 40 గ్రాములు, అన్నీ తూచే తింటున్నాం. తను ఇక మానేస్తానంటోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గానుగనూనె_నాగార్జున:
ముందు ఏ నూనె వాడుతున్నారో చెప్పండి. రిఫైన్డ్ ఆయిల్ ఉన్న ఇంట్లో ఎంత తూచినా లాభం లేదు. మా ఇంట్లో గానుగ నువ్వుల నూనె, కొర్రలు, అండుకొర్రలు తప్ప వేరేది గడప దాటి రాదు. మన పెద్దవాళ్లు ఈ కాకిలెక్కలు వేసుకున్నారా?

పద్మ_తార్నాక:
150 గ్రాములు బియ్యమా, అన్నమా?

మియాపూర్_నడక:
బియ్యమే అండీ, మనిషికి 150 కొలిచి కుక్కర్‌లో పెడతాం. పప్పు మాత్రం వండాక గిన్నెలో తూస్తాం. చార్ట్‌లో రైస్, దాల్ అని మాత్రమే ఉంది.

పద్మ_తార్నాక:
చార్ట్‌లో అన్నం అని ఉద్దేశమైతే 150 గ్రాములకి రెండొందల కేలరీలు కూడా ఉండవు. అదే బియ్యమైతే 500 దాటుతుంది. పప్పు దీనికి తిరగబడింది. పచ్చి కందిపప్పు 40 గ్రాముల్లో ప్రోటీన్ దాదాపు 9 గ్రాములు, ఉడికి నీళ్లు పీల్చుకున్న పప్పు అదే 40 గ్రాములైతే అందులో మూడో వంతుకూడా రావడం కష్టం. అంటే అన్నం ఎక్కువ, ప్రోటీన్ తక్కువ అయి ఉండొచ్చు. ఇది మేం ఊహించడం కన్నా చార్ట్ ఇచ్చినావిడకి ఫోన్ చేసి, పచ్చివా వండినవా అని అడగండి. మీ ఇద్దరి బరువులెంత?

మియాపూర్_నడక:
నాది 86, తనది 61. చార్ట్ ఇద్దరికీ ఒకటే, వండడం తేలికని నేనే అడిగా.

పద్మ_తార్నాక:
అదీ మొదట చెప్పాల్సిన సంగతే. 86 కిలోల మనిషి తగ్గే పళ్లెంలో 61 కిలోల మనిషి తగ్గకపోవచ్చు. కూర ఒకటే వండుకోండి, అన్నం గరిటెలు మాత్రం వేరుగా ఉండాలి.

ఫిట్‌నెస్_విజయనగరం:
చార్ట్ ఇచ్చినావిడ డైటీషియనా, న్యూట్రిషనిస్టా? ఆర్‌డీ, అంటే రిజిస్టర్డ్ డైటీషియన్‌గా రిజిస్ట్రేషన్ ఉందా? ఆన్‌లైన్‌లో చిన్న కోర్సు చేసి చార్టులమ్మేవాళ్లు వీధికొకరున్నారు.

గానుగనూనె_నాగార్జున:
రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా రిఫైన్డ్ ఆయిలే రాస్తున్నారు కదా.

పద్మ_తార్నాక:
నాగార్జున గారూ, గానుగ నూనైనా గ్రాముకి 9 కేలరీలే. రుచి మీకిష్టం, వాడుకోండి, కానీ పోపులో ఎన్ని చెంచాలో లెక్క తప్పదు. విజయనగరం గారూ, అర్హత చూడమన్నది సరైన మాట, కానీ వీళ్ల సమస్య ఇప్పుడు తక్కెడ దగ్గరుంది.

సరళ_గుంటూరు:
మెషీన్ మాట ఎవరూ ఎత్తలేదేంటి? అది సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీళ్లని బట్టి కొవ్వు లెక్క కడుతుంది. నీళ్లు తాగకపోయినా, తిన్న వెంటనే ఎక్కినా, చెమట పట్టాక ఎక్కినా అంకె మారిపోతుంది. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరితే మరీను. ఎప్పుడు ఎక్కారు?

మియాపూర్_నడక:
మొదటిసారి పొద్దున. ఈసారి సాయంత్రం, జుంబా అయ్యాక. నెలసరి సంగతి తనని అడగాలి.

సరళ_గుంటూరు:
అయితే ఆ రెండు శాతం చూసి ఏడవద్దనండి. పొద్దున్నే పరగడుపున, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, నెలలో అదే రోజుల్లో చూసుకోమనండి. టేపుతో నడుము కొలత రాసుకోండి. మన దేశంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదంటారు.

ఫిట్‌నెస్_విజయనగరం:
థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించండి. ఆర్‌డీ సంగతి చెప్పలేదు.

మియాపూర్_నడక:
ఫోన్ చేశా, ఎత్తలేదు, మెసేజ్ పెట్టా. ఈ పూటకి తనకి అన్నం తగ్గించి గుడ్లు పెట్టా. థ్యాంక్స్ అండీ అందరికీ.

గానుగనూనె_నాగార్జున:
గుడ్లు ఏ నూనెలో వేయించారు?