ఖరీదైన టెకీలాలను పోల్చి చూడడం: ఏ రకంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న (నీలిగట్టు):
అందరికీ నమస్కారం. గత నెలలో ఇద్దరు మిత్రులతో కలిసి మూడు ఖరీదైన టెకీలాలను (నీలి అగావే మొక్క నుంచి తీసే మెక్సికో మద్యం) ఒకే సాయంత్రం రుచి చూశాను. పీపాలో నిలవ ఉంచిన కాలాన్ని బట్టి ఒకటి బ్లాంకో, ఒకటి రెపొసాడో, ఒకటి అన్యేహో. మూడూ వేర్వేరు సంస్థలవి. ముగ్గురమూ అన్యేహోకే మొదటి స్థానం ఇచ్చాము. అయితే మరునాడు మేము రాసుకున్న కాగితం తీసి చూస్తే దాని గురించి వెనిలా, పంచదార పాకం, దాల్చినచెక్క అన్న మాటలే కనిపించాయి. ఆ మాటలు ఏ మంచి విస్కీకైనా సరిపోతాయి. మేము మెచ్చుకున్నది టెకీలానా, అది నిలవ ఉన్న పీపానా అన్న సందేహం అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. సరైన పోలిక ఎలా చేయాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాతిచక్రం):
నీలిగట్టు గారూ, మీ సందేహం సరైనదే. బ్లాంకో సాధారణంగా పీపా ముఖం చూడకుండానే సీసాలోకి వస్తుంది. రెపొసాడో కనీసం 2 నెలలు ఓక్ చెక్కలో ఉండాలి, అన్యేహో 600 లీటర్లకు మించని పీపాల్లో కనీసం ఏడాది ఉండాలి, ఎక్స్‌ట్రా అన్యేహోకు 3 ఏళ్లు తప్పనిసరి. మీరు మూడు సంస్థలనూ మూడు వయసులనూ ఒకేసారి మార్చేశారు కనుక, కనిపించిన తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

నా అభిప్రాయంలో ఒక సంస్థ పనితనం తెలియాలంటే దాని బ్లాంకోనే తాగి చూడాలి, ఎందుకంటే అందులో లోపాన్ని కప్పిపుచ్చే చెక్క ఉండదు. నీలి అగావే, అంటే కిత్తనార జాతి మొక్క, పక్వానికి రావడానికి సుమారు 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. ఆకులు నరికేశాక మిగిలే దుంపను ఇటుక బట్టీలో ఒకటి రెండు రోజులు నిదానంగా ఉడికిస్తే దానిలోని పిండిపదార్థం తీపిగా మారి, కాల్చిన చిలగడదుంపను తలపించే కమ్మదనం వస్తుంది. ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో ఉడికించే మూసిన పాత్రలో, అదే పని కొన్ని గంటల్లో ముగుస్తుంది. డిఫ్యూజర్ అనే యంత్రమైతే సాధారణంగా దుంపను ఉడికించకుండానే వేడినీటితో సారాన్ని కడిగి లాగేస్తుంది. అలా తీసిన సరుకులో ఆ కమ్మదనం నాకు ఎన్నడూ దొరకలేదు.

మీరు చేయదగిన అతి మంచి పోలిక ఒకటి చెబుతాను. సీసా మీద ఎన్ఓఎం అన్న అక్షరాల పక్కన నాలుగు అంకెలు ఉంటాయి; అవి తయారీ కేంద్రాన్ని గుర్తించే సంఖ్య. ఎల్ తెసోరో, తపతియో అనే రెండు బ్రాండ్ల మీదా 1139 అనే ఉంటుంది, ఎందుకంటే రెండూ మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో, ఎత్తుభూముల్లోని అరాందాస్ దగ్గర ఉన్న లా అల్తేన్యా కేంద్రంలోనే తయారవుతాయి. ఎల్ తెసోరోకు ఉడికిన దుంపను తహోనా అనే పెద్ద రాతిచక్రంతో నలుపుతారు, తపతియోకు రోలర్ మిల్లు వాడతారు. ఈ రెండు బ్లాంకోలను పక్కపక్కన పెడితే దుంపను నలిపే పద్ధతి రుచిని ఎంత మారుస్తుందో మీకే తెలుస్తుంది. ఆ తరువాత టెకీలా అనే పట్టణంలోనే తయారయ్యే ఫోర్తలేసా అనే మరో బ్రాండ్ బ్లాంకోను చేర్చండి. అదీ తహోనాతో నలిపినదే, కాని లోయ ప్రాంతపుది. లోయ సరుకులో మట్టివాసన, మిరియాల ఘాటు ఎక్కువనీ, ఎత్తుభూముల సరుకులో పండ్ల తీపి ఎక్కువనీ అంటారు. అయితే దుంపలను ఒక చోటి నుంచి మరో చోటికి లారీల్లో తరలిస్తారు కనుక ఆ మాటను పూర్తిగా నమ్మకండి.

జవాబు (చివరిగుక్క):
పై సలహాకు తోడు రెండు జాగ్రత్తలు. మొదటిది, ఆల్కహాల్ శాతం సమానంగా ఉన్నవాటినే పోల్చండి. తపతియోలోనే 110 అన్న రకం 55 శాతంతో వస్తుంది. దానిని 40 శాతం సరుకు పక్కన పెడితే నాలుక ముందుగా మంటనే గుర్తిస్తుంది. రెండవది, సీసాలను చల్లబరచకండి, నిమ్మా ఉప్పూ వద్దు. మూతి సన్నని గ్లాసులో కొద్దిగా పోసి పది నిమిషాలు వదిలేయండి, వాసన చూసేటప్పుడు నోరు కొంచెం తెరిచి ఉంచండి. ఏ గ్లాసులో ఏది ఉందో పోసినవారికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

వెనిలా సంగతికి వస్తే, అది అంతా పీపాదే అనుకోనక్కరలేదు. 100 శాతం అగావే అని రాసి ఉన్న రెపొసాడో, అన్యేహోలలో కూడా కారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం వంటివి మొత్తం 1 శాతం లోపు కలపడానికి మెక్సికో ప్రమాణం అనుమతిస్తుంది.

జవాబు (పొడిమడి):
బ్లాంకో ఒక్కటే నిజమైన టెకీలా అన్నట్టు మాట్లాడడం నాకు సమ్మతం కాదు. మంచి పనివాడి చేతిలో పీపా అగావేను మింగేయదు, దానికి లోతు ఇస్తుంది. ఒకే సంస్థ బ్లాంకో, రెపొసాడో, అన్యేహోలను వరుసగా రుచి చూసి, మూడవ గ్లాసులో కూడా ఉడికిన దుంప వాసన మిగిలి ఉందా అని వెతకండి. ఉంటే ఆ అన్యేహోను నిస్సందేహంగా మెచ్చుకోవచ్చు.

నీలిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఎల్ తెసోరో, తపతియో బ్లాంకోలను గుర్తులు కనిపించకుండా పోయించుకుని చూశాము. ఒకదానిలో పచ్చి మిరియాల ఘాటు ముందుకు వచ్చింది, రెండవది నోటిలో గుండ్రంగా పరుచుకుని ఉడికిన దుంప తీపిని చాలాసేపు నిలిపింది. ముగ్గురిలో ఇద్దరం తహోనాతో నలిపిన సరుకు ఉన్న గ్లాసును సరిగ్గా గుర్తించాము. ఈసారి కాగితం మీద వెనిలా అన్న మాట ఎక్కడా లేదు. వచ్చే వారం పొడిమడి గారు చెప్పినట్టు ఎల్ తెసోరో మూడు వయసులనూ వరుసగా చూసి, అన్యేహోలో ఏమి మిగిలిందో ఇక్కడే రాస్తాను.