రో[1]లో ఏముందో మర్చిపోయే నాలాంటివాళ్ళకి నేమ్‌డ్‌టపుల్: మీకెలా ఉంది?

హార్బర్_లెక్కలు:
మా మావయ్యకి ఫిషింగ్ హార్బర్‌లో బోటుంది. ఏ చేప ఏ రేటుకి ఎన్ని కిలోలు పోయిందో ఆయన నోటుబుక్కులో రాస్తారు, నేను దాన్ని సీఎస్‌వీలోకి (గడుల మధ్య కామాలుండే పట్టిక ఫైల్) ఎక్కించి పైథాన్‌లో కూడతాను. రో[1] (లెక్క సున్నా నుంచి కాబట్టి వరసలో రెండో గడి) కిలోలు, రో[2] రేటు అనుకుని కోడ్ రాసేశా, నిజానికి ఉన్నది తిరగేసి. డబ్బు లెక్క మాత్రం రోజూ పైసాతో సహా సరిపోయేది, గుణకారం కదా మరి, ఏది ముందైతే ఏంటి! ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై బోటు కట్టేశాక కోనెం మొత్తం ఎన్ని కిలోలు పడిందో కూడితే అప్పుడు దొరికిపోయా. రేట్లన్నీ కూడి కిలోలని చూపిస్తోంది. ఇప్పుడు 'రకం రేటు కిలోలు' అని నేమ్‌డ్‌టపుల్ (గడుల్ని నంబరుతోనే కాక పేరుతోనూ పిలవగల వరస) కట్టి, ఒక్కో వరసని స అనుకుని స.కిలోలు అని రాస్తున్నా, ప్రాణం హాయిగా ఉంది.

కొండమీద_కోడర్:
గురూ, పేర్లే తప్పు వరసలో ఇస్తే? అదే తప్పు, కాకపోతే అందమైన పేరుతో. ఫైల్ మొదటి వరసలో ఉన్న హెడర్‌నే (గడుల పేర్లనే) ఫీల్డ్స్‌గా ఇచ్చి, మిగతా వరసల్ని _మేక్‌తో (జాబితాని నేమ్‌డ్‌టపుల్‌గా మార్చేది) మార్చుకో. హెడర్‌లో 'కిలో రేటు' అని ఖాళీ ఉంటే మాత్రం వాల్యూఎర్రర్ కొడుతుంది. రీనేమ్=ట్రూ (చెల్లని పేర్లని నువ్వే మార్చుకో అని) పెడితే ఊరుకుంటుంది గానీ ఆ ఫీల్డ్ పేరు _1 అయిపోతుంది, మళ్ళీ మొదటికే వస్తావు.

మద్దిలపాలెం_బ్యాచ్:
మా ఆఫీసులో ఒకాయన మధ్యలో కొత్త ఫీల్డ్ దూర్చారు. రకం, రేటు, కిలోలు = స అని విడదీసిన చోటల్లా ఢాం. పోనీ అదైనా నయం, ఎర్రర్ వస్తుంది. స[2] అని పాత అలవాటు వదలనివాళ్ళకి ఎర్రర్ కూడా రాదు, తప్పు విలువ వచ్చేస్తుంది. కొత్తది ఎప్పుడూ చివర్లో, డిఫాల్ట్‌తో (ఏమీ ఇవ్వకపోతే వాడే విలువతో) పెట్టండి బాబూ.

సాయంత్రం_బీచ్:
నేను _రీప్లేస్ (ఫీల్డ్ విలువ మార్చడానికి వాడేది) దగ్గర గంట పోగొట్టుకున్నా. రేటు మార్చేశా అనుకున్నా, అది పాతదాన్ని ముట్టుకోదు, కొత్తది ఇస్తుంది, దాన్ని నేను ఎక్కడా పట్టుకోలేదు! విలువలు తరచూ మారేవైతే డేటాక్లాస్ (ఇలాగే పేర్లుంటాయి, విలువలు అక్కడే మార్చుకోవచ్చు) వాడుకోవడమే, పైథాన్ 3.7 నుంచి ఉంది.

హార్బర్_లెక్కలు:
నా వరసలు ఒకసారి రాస్తే మారవు అన్నా, ఇదే చాలు. హెడర్ సలహా పెట్టేశా. ఫీల్డ్ పేర్లు తెలుగులో ఇచ్చినా పైథాన్ 3 కిక్కురుమనలేదు. కానీ సీఎస్‌వీ నుంచి వచ్చేవన్నీ స్ట్రింగులే (అంకెలు కాదు, అక్షరాలు) కదా, కిలోలకి ఇంట్ (అంకెగా మార్చేది) పెట్టి రేటుకి మర్చిపోయా... 450 రేటుని 4 కిలోలతో గుణిస్తే అదే నాలుగుసార్లు పక్కపక్కన పడి 450450450450 అని వచ్చింది. మావయ్యకి ఇంకా చూపించలేదు.